డిజిటలైజేషన్ - కార్బన్ ఎమిషన్స్ మీద రీసెర్చ్ చేస్తున్నారా? ఏ మెథడ్ ఎవరికి సరిపోతుందో చూద్దాం

ఎకనామిక్స్‌లో పీజీ డిసర్టేషన్ గానీ పీహెచ్‌డీ గానీ మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది ఇప్పుడు ఇదే టాపిక్ తీసుకుంటున్నారు, డిజిటలైజేషన్ పెరిగితే కార్బన్ ఎమిషన్స్ తగ్గుతాయా పెరుగుతాయా అని. టాపిక్ మంచిదే, ముఖ్యమైనదే కూడా. చిక్కంతా మెథడ్ దగ్గర వస్తోంది. ఒకరేమో ప్యానెల్ రీగ్రెషన్ (చాలా దేశాల, చాలా ఏళ్ళ డేటా కలిపి సంబంధం లెక్కగట్టడం) చేసెయ్, డేటా ఫ్రీగా దొరుకుతుంది అంటారు, ఇంకొకరు డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ (పాలసీ వచ్చిన చోట్లనీ రాని చోట్లనీ పోల్చడం) లేకపోతే ఏ జర్నలూ తీసుకోదు అంటారు, ఇంజనీరింగ్ వైపు నుంచి వచ్చినవాళ్ళు లైఫ్ సైకిల్ లెక్క (వస్తువు తయారీ నుంచి పారేసేదాకా ఎమిషన్స్) చెయ్యకుండా ఏం మాట్లాడతారు అంటారు. అందరి మాటా విన్నాక మన బుర్ర పనిచెయ్యడం ఆగిపోతుంది.

నా మాట ముందే చెప్పేస్తా. మెథడ్ ముందు ఎంచుకుని, తర్వాత దానికి తగ్గ ప్రశ్న వెతుక్కోకండి. ఈ టాపిక్‌లో ఎమిషన్స్‌ని ఎక్కడిదాకా లెక్కపెడుతున్నాం, గీత ఎక్కడ గీస్తున్నాం అన్నది తేల్చేసరికే జవాబులో సగం తేలిపోతుంది. మెథడ్ ఆ గీతకి సరిపోయేది తీసుకోవాలి.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీ ప్రశ్న ఏ రకం? "ఎంత?" అనేది లెక్క ప్రశ్న: డేటా సెంటర్లు, నెట్‌వర్కులు, ఫోన్లు కలిపి ఎంత కార్బన్ వదులుతున్నాయి అని. "దీనివల్లేనా?" అనేది కారణం ప్రశ్న: బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, ఎమిషన్స్ తగ్గాయి, నిజంగా బ్రాడ్‌బ్యాండ్ వల్లే తగ్గాయా అని. "ఇలా చేస్తే ఏమవుతుంది?" అనేది ముందుచూపు ప్రశ్న, కార్బన్ ట్యాక్స్ వేసి ఆ డబ్బుతో స్మార్ట్ గ్రిడ్ కడితే పదేళ్ళలో ఏంటి పరిస్థితి లాంటిది. ఈ మూడూ ఒకే థీసిస్‌లో కలిపేసి ఒక్క రీగ్రెషన్‌తో జవాబు చెప్పాలని చూస్తేనే అసలు గందరగోళం.

రెండోది గీత. 2021లో వచ్చిన ఒక రివ్యూ చూడండి. ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో ఐసీటీ (కంప్యూటర్లు, నెట్‌వర్కులు, టెలికాం) రంగం వాటా 1.8 నుంచి 2.8 శాతం మధ్య ఉంటుందని అంతకుముందు అంచనాలు ఉండేవి, సప్లై చైన్‌లో లెక్కలోకి రాకుండా పోయిన భాగాన్ని కలిపి సరిచేస్తే అది 2.1 నుంచి 3.9 శాతం దాకా వెళ్ళింది. ఫోన్లూ అవే, సర్వర్లూ అవే, గీత మాత్రం జరిగింది. దేశాల లెవెల్లో ఇది ఇంకా పెద్ద సమస్య, ఎందుకంటే స్మార్ట్‌ఫోన్ లాంటి వాటి మొత్తం ఎమిషన్స్‌లో ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది, ఆ తయారీ ఇంకో దేశంలో జరుగుతుంది కాబట్టి, దిగుమతి చేసుకుని వాడుకునే దేశం ఖాతాలో ఛార్జింగ్ కరెంటు తప్ప దాదాపు ఏమీ కనిపించదు.

మూడోది రీబౌండ్, అంటే ఎఫిషియెన్సీతో ఆదా అయినది వాడకం పెరగడం వల్ల మళ్ళీ ఖర్చైపోవడం. స్టీమ్ ఇంజన్లు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చెయ్యడం మొదలుపెడితే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది అని జెవన్స్ అనే ఎకనామిస్ట్ 1865లోనే చెప్పాడు. డిజిటల్ విషయంలో ఇది రెండు వైపులా నిజమే అనిపిస్తుంది. 2010 నుంచి 2018 మధ్య డేటా సెంటర్లలో చేసిన కంప్యూటింగ్ పని 550 శాతం పెరిగితే కరెంటు వాడకం మాత్రం 6 శాతమే పెరిగిందని 2020లో ఒక పేరున్న అంచనా వచ్చింది, అంటే ఎఫిషియెన్సీ దాదాపు మొత్తం పెరుగుదలని మింగేసింది. ఐతే 2024కి వచ్చేసరికి డేటా సెంటర్లు సుమారు 415 టెరావాట్ అవర్స్ వాడుతున్నాయని, అంటే ప్రపంచ కరెంటులో ఒకటిన్నర శాతం దాకా అని, 2030కి అది 945 దాకా వెళ్ళొచ్చని ఐఈఏ (ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ) అంచనా వేసింది. కాబట్టి మీ శాంపుల్ 2010-2018 దగ్గర ఆగిపోతే, అందులో వచ్చిన కోఎఫిషియెంట్ (ఎఫెక్ట్ ఎంతో చెప్పే నంబర్) పట్టుకుని ఏఐ కాలం గురించి సలహాలు రాయడం సరికాదు. ఈ ఒక్క తప్పు ఎన్ని పేపర్ల ముగింపు పేరాల్లో కనిపిస్తుందో.

నాలుగోది మీ టైమ్, డేటా, వచ్చిన సాఫ్ట్‌వేర్. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నాలుగు నెలలే ఉంటే నాలుగు నెలల పనే ఎంచుకోండి.

| మెథడ్ | ఏ ప్రశ్నకి | డేటా | రీబౌండ్ కనిపిస్తుందా | పెద్ద రిస్క్ |
|---|---|---|---|---|
| దేశాల ప్యానెల్ రీగ్రెషన్ | ట్రెండ్, సంబంధం | సులువుగా, ఫ్రీగా దొరుకుతుంది | కొంత, కానీ విడిగా చూపించలేం | సంబంధాన్ని కారణం అనేసుకోవడం |
| డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ | దీనివల్లేనా? | నగరం, జిల్లా లేదా కంపెనీ లెవెల్ కావాలి | ఆ ప్రాంతం లోపలిది మాత్రమే | పక్క పాలసీలతో కలిసిపోవడం |
| ఇన్‌పుట్-ఔట్‌పుట్, లైఫ్ సైకిల్ | ఎంత? ఎక్కడ? | రెడీ టేబుల్స్ ఉన్నాయి, కానీ పాతవి, మొరటువి | కనిపించదు | రంగాలు మరీ పెద్ద గంపగుత్తగా ఉండటం |
| ఫీల్డ్ ఎక్స్‌పెరిమెంట్ | మనుషులు మారతారా? | మీరే పుట్టించాలి | అదే మీటర్ వరకు | వేరే చోటికి వర్తించకపోవడం |
| సీజీఈ (ఆర్థిక వ్యవస్థ అంతటినీ సమీకరణాల్లో పెట్టే మోడల్), సినారియో మోడల్స్ | ఇలా చేస్తే? | టేబుల్స్, ఎలాస్టిసిటీలు (ధర మారితే వాడకం ఎంత మారుతుందో చెప్పే నంబర్లు) | మోడల్‌లో పెడితే కనిపిస్తుంది | ఊహలే ఫలితాలుగా బయటికి రావడం |

దేశాల ప్యానెల్ రీగ్రెషన్

ఎక్కువమంది ఎంచుకునేది ఇదే. ఓ వంద దేశాలు, ఇరవై ముప్పై ఏళ్ళు, ఎడమవైపు తలసరి కార్బన్ డయాక్సైడ్ లాగ్, కుడివైపు ఇంటర్నెట్ వాడేవాళ్ళ శాతం, జీడీపీ, జీడీపీ స్క్వేర్, జనాభా, పట్టణీకరణ. పునాది ఎక్కడిదంటే 1970లలో ఎర్లిచ్, హోల్డ్రెన్ వాళ్ళ ఐపాట్ సమీకరణం (పర్యావరణ ప్రభావం = జనాభా × సంపద × టెక్నాలజీ), దాన్ని రీగ్రెషన్‌కి పనికొచ్చేలా డీట్జ్, రోసా మార్చిన స్టిర్‌పాట్, ఇంకా ఎన్విరాన్‌మెంటల్ కుజ్నెట్స్ కర్వ్ (ఆదాయం పెరిగేకొద్దీ కాలుష్యం మొదట పెరిగి తర్వాత తగ్గుతుందనే వాదన). ప్లస్ పాయింట్ ఏంటంటే డేటా ఒక్క పూటలో డౌన్‌లోడ్ అవుతుంది, పోల్చుకోవడానికి పాత స్టడీలు బోలెడు ఉంటాయి.

ఇందులో నాకు బాగా బాధ కలిగించే విషయం ఒకటుంది, కాస్త దగ్గరగా చూడండి. చాలామంది కంట్రోల్ వేరియబుల్‌గా ఎనర్జీ వాడకం పెట్టేస్తారు. కానీ దేశాల కార్బన్ డయాక్సైడ్ డేటా ఎలా తయారవుతుంది? ఎవరూ పొగ గొట్టాల దగ్గర నిలబడి కొలవరు. ఏ ఇంధనం ఎంత కాల్చారో తీసుకుని, ఒక్కో ఇంధనానికి ఎమిషన్ ఫ్యాక్టర్‌తో గుణించి కలుపుతారు. అంటే ఎడమవైపు ఉన్నదాన్ని కుడివైపు ఉన్నదాని నుంచే లెక్కగట్టారు. ఆర్-స్క్వేర్ (మోడల్ డేటాకి ఎంత దగ్గరగా సరిపోయిందో చెప్పే కొలత) 0.95 వచ్చిందని సంతోషపడేది దీనివల్లే. పైగా డిజిటలైజేషన్ ఎమిషన్స్‌ని మార్చేదే ముఖ్యంగా ఎనర్జీ వాడకం ద్వారా కదా, ఆ ఎనర్జీనే స్థిరంగా పట్టుకుంటే మీరు కొలవాలనుకున్న దారినే మూసేసినట్టు. మిగిలేది ఎనర్జీ మిక్స్‌లో మార్పు మాత్రమే. అది కొలవాలనుకుంటే ఓకే, కానీ అప్పుడు టైటిల్‌లో ఆ మాటే చెప్పాలి.

ఇంకోటి, కుజ్నెట్స్ కర్వ్ గురించి. 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ తలకిందుల యూ ఆకారం చూపించింది సల్ఫర్ డయాక్సైడ్, పొగ లాంటి లోకల్ కాలుష్యాలకి. అవి ఆ ఊరి జనాన్నే దగ్గించేవి కాబట్టి ఆదాయం పెరిగాక జనం ఒత్తిడి తెస్తే తగ్గే అవకాశం ఉంది. కార్బన్ డయాక్సైడ్‌కి ఆ లాజిక్ నేరుగా వర్తించదు, వదిలేది ఒక చోట, నష్టం ప్రపంచమంతా. అలాగే జీడీపీ నాన్ స్టేషనరీ ఐతే (అంటే ఒక స్థిరమైన సగటు చుట్టూ తిరగకుండా ఏటేటా జరుగుతూ పోతే) దాని స్క్వేర్‌కి మామూలు కోఇంటిగ్రేషన్ టెస్టులు (రెండు సిరీస్‌లు దీర్ఘకాలంలో నిజంగా కలిసి నడుస్తున్నాయా అని చూసేవి) సరిగ్గా పనిచెయ్యవు, ఇది చాలామంది గైడ్‌లు కూడా పట్టించుకోరు.

డిజిటలైజేషన్‌ని దేనితో కొలుస్తున్నారన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. ఇంటర్నెట్ వాడేవాళ్ళ శాతం సింపుల్‌గా ఉంటుంది, కానీ సంపన్న దేశాల్లో అది 90 దాటి ఆగిపోయింది, వాళ్ళ డిజిటల్ మార్పు ఆ తర్వాత కూడా నడుస్తూనే ఉంది, ఆ వేరియబుల్‌లో మాత్రం కనిపించదు. సరే అని ఎనిమిదీ పదీ ఇండికేటర్లు కలిపి పీసీఏతోనో ఎంట్రోపీ వెయిట్స్‌తోనో (ఒక్కో ఇండికేటర్‌కి ఎంత బరువివ్వాలో డేటా నుంచే తేల్చే పద్ధతులు) ఇండెక్స్ చేస్తారు, అప్పుడు "ఇండెక్స్ 0.1 పెరిగితే" అంటే బయట ప్రపంచంలో ఏం జరిగినట్టో ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే ఇండెక్స్ కన్నా ఫైబర్ కనెక్షన్లు, ఐసీటీ మూలధనం లాంటి ఒక్కో వేరియబుల్‌ని విడివిడిగా పెట్టడమే నయం. రిజల్ట్ తక్కువ గొప్పగా ఉంటుంది గానీ అర్థమవుతుంది.

డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్

కారణం ప్రశ్నకి ఇప్పుడు ఎక్కువగా నమ్మేది దీన్నే. ఒక పాలసీ కొన్ని చోట్ల వచ్చింది, కొన్ని చోట్ల రాలేదు, ముందు తర్వాత తేడాల మధ్య తేడా చూస్తాం. ఈ టాపిక్‌లో చైనా మీద ఇన్ని పేపర్లు ఎందుకున్నాయంటే అక్కడ పాలసీలని నగరాల బ్యాచ్‌లుగా వదులుతారు. బ్రాడ్‌బ్యాండ్ చైనా పైలట్ 2014, 2015, 2016లో మూడు విడతలుగా వచ్చింది, రీసెర్చ్ చేసేవాళ్ళకి ఇది వరమే.

కానీ అదే దేశంలో లో-కార్బన్ సిటీ పైలట్లు 2010, 2012, 2017లో వచ్చాయి, ప్రాంతీయ కార్బన్ మార్కెట్ పైలట్లు 2013 నుంచి మొదలయ్యాయి, స్మార్ట్ సిటీ పైలట్లు 2012 నుంచి. ఒకే నగరం ఇందులో మూడిట్లో ఉండొచ్చు. 2015 తర్వాత ఆ నగరంలో ఎమిషన్స్ తగ్గితే అది ఫైబర్ కేబుల్ వల్లా, కార్బన్ పర్మిట్ల వల్లా? మిగతా పాలసీలకి డమ్మీలు (ఉంటే 1, లేకపోతే 0 అనే వేరియబుల్స్) పెట్టి వదిలెయ్యకుండా, వేరే పైలట్‌లో అసలు లేని నగరాల్ని మాత్రమే తీసుకుని మళ్ళీ ఒకసారి రన్ చెయ్యండి, అప్పుడు కూడా రిజల్ట్ నిలబడితే అది చెప్పుకోదగ్గ విషయం. పైలట్ నగరాలు లాటరీలో రాలేదు అన్నది కూడా గుర్తుంచుకోవాలి, అప్పటికే ముందంజలో ఉన్నవాళ్ళే ఎక్కువగా ఎంపికవుతారు.

విడతలుగా వచ్చే పాలసీకి మామూలు టూ-వే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (ఒక్కో నగరానికీ ఒక్కో ఏడాదికీ డమ్మీ పెట్టే రీగ్రెషన్) వాడితే ఇంకో ప్రమాదం ఉంది. 2014 విడత నగరాల్ని 2016 విడతకి కంట్రోల్‌గా అది వాడేసుకుంటుంది. మొదటి విడతలో ఎఫెక్ట్ ఏటేటా పెరుగుతూ పోతుంటే, వాటితో పోల్చిన మూడో విడత ఎఫెక్ట్ చిన్నగానో, కొన్నిసార్లు గుర్తే తారుమారై నెగెటివ్‌గానో వస్తుంది. 2021లో గుడ్‌మన్-బేకన్ దీన్ని విడదీసి చూపించాడు, అదే సమయంలో కాలవే, సంట్‌అన్నా వాళ్ళు, సన్, అబ్రహాం వాళ్ళు పరిష్కారాలు ఇచ్చారు. ఆర్, స్టాటా అనే సాఫ్ట్‌వేర్లలో రెడీ ప్యాకేజీలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడు పాత పద్ధతి మాత్రమే వాడితే జర్నల్ తరఫున పేపర్ పరిశీలించే రిఫరీ మొదటి కామెంట్ అదే పెడతారు.

పాలసీ ఒక్క దేశంలోనే వస్తే సింథటిక్ కంట్రోల్ (పాలసీ రాని దేశాల్ని తగిన పాళ్ళలో కలిపి పోలికకి ఒక ఊహా దేశం తయారుచెయ్యడం) చూడండి. 1991లో స్వీడన్ తెచ్చిన కార్బన్ ట్యాక్స్ మీద 2019లో వచ్చిన స్టడీ దీనికి మంచి మోడల్, కార్బన్ ట్యాక్స్, ఇంధనం మీద వ్యాట్ రెండూ వచ్చాక, అవి లేకపోయి ఉంటే ఉండేదానికన్నా రవాణా ఎమిషన్స్ సగటు ఏడాదిలో 11 శాతం దాకా తక్కువ ఉన్నాయని, అందులో ఎక్కువ భాగం కార్బన్ ట్యాక్స్ వల్లే అని తేల్చింది. పేపర్ ఎలా రాయాలో నేర్చుకోడానికి ఐనా అది చదవాలి.

కంపెనీ లెవెల్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక జాగ్రత్త. ఒక కంపెనీ తన సర్వర్ రూమ్ మూసేసి అంతా క్లౌడ్‌కి మార్చిందనుకోండి. వాళ్ళ కరెంటు బిల్లు తగ్గింది, అంటే స్కోప్ 2 (కొన్న కరెంటు వెనక ఉన్న ఎమిషన్స్) తగ్గింది. అదే లెక్క ఇప్పుడు క్లౌడ్ కంపెనీ పుస్తకాల్లోకి, ఈ కంపెనీకైతే స్కోప్ 3లోకి (సప్లయర్ల లాంటి బయటివాళ్ళ దగ్గర జరిగే ఎమిషన్స్) వెళ్ళింది. మీ డేటాలో స్కోప్ 1 (కంపెనీ తనే నేరుగా వదిలేవి), స్కోప్ 2 మాత్రమే ఉంటే "డిజిటలైజేషన్ వల్ల ఎమిషన్స్ తగ్గాయి" అని మూడు స్టార్లతో (గణాంకాల ప్రకారం చాలా బలమైన రిజల్ట్‌గా) వస్తుంది, వాతావరణంలో మాత్రం అంత తగ్గి ఉండకపోవచ్చు. పైగా డిజిటలైజేషన్‌ని వార్షిక రిపోర్టులో "బిగ్ డేటా", "క్లౌడ్" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి కొలిచే పద్ధతి బాగా పాపులర్ అయింది, కంపెనీ రాసుకున్నదీ చేసిందీ ఒకటే అనుకోవడం అది. ఐటీ మీద నిజంగా పెట్టిన ఖర్చు డేటా దొరికితే దానితో ఒకసారి సరిచూసుకోకుండా అలాంటి రిజల్ట్‌ని నమ్మలేను.

ఇన్‌పుట్-ఔట్‌పుట్, లైఫ్ సైకిల్ లెక్కలు

గీత విషయంలో నిజాయితీగా ఉండాలనుకునేవాళ్ళకి ఇది మంచి దారి. లియోంటీఫ్ కట్టిన ఇన్‌పుట్-ఔట్‌పుట్ పద్ధతికి (1973లో నోబెల్ వచ్చింది దీనికే) ఎమిషన్స్ వరస ఒకటి కలిపితే, ఒక దేశంలో కొన్న ఎలక్ట్రానిక్స్ వెనక ఏ దేశంలో ఎంత కార్బన్ ఉందో బయటికి వస్తుంది. ఎక్సియోబేస్, ఓఈసీడీ టేబుల్స్, వరల్డ్ ఇన్‌పుట్-ఔట్‌పుట్ డేటాబేస్ లాంటివి రెడీగా ఉన్నాయి, మ్యాట్రిక్స్ ఇన్వర్స్ అర్థమైతే చాలు, ఎకనోమెట్రిక్స్ భయం ఉన్నవాళ్ళకి పెద్ద ఊరట.

లోటు ఏంటంటే రంగాలు గంపగుత్తగా ఉంటాయి. వరల్డ్ ఇన్‌పుట్-ఔట్‌పుట్ డేటాబేస్ 2016 వెర్షన్‌లో 43 దేశాలు, 2000 నుంచి 2014 వరకే ఉంది, కంప్యూటర్లూ ఎలక్ట్రానిక్సూ ఆప్టికల్ వస్తువులూ ఒకే లైన్, సాఫ్ట్‌వేర్, ఇన్ఫర్మేషన్ సర్వీసులు ఇంకో లైన్. డేటా సెంటర్ అనే ముక్క విడిగా కనపడదు. అలాగే ఈ లెక్క "ఎంత ఉంది" అని చెప్తుంది, "డిజిటల్ రాకపోయి ఉంటే ఎంత ఉండేది" అని చెప్పదు. ఆ రెండో మాట రాయాలనిపించినప్పుడు ఆగండి.

ఫీల్డ్ ఎక్స్‌పెరిమెంట్లు

స్మార్ట్ మీటర్, యాప్, ఇంట్లో పెట్టే డిస్‌ప్లే లాంటి వాటికి ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం లేదు. కరెంటు రేటు పెంచినప్పుడు మామూలు ఇళ్ళు వాడకాన్ని 0 నుంచి 7 శాతం తగ్గిస్తే, ఎంత వాడుతున్నారో చూపించే డిస్‌ప్లే కూడా ఉన్న ఇళ్ళు 8 నుంచి 22 శాతం తగ్గించాయని 2014లో జెస్సో, రాప్సన్ చూపించారు. డిజిటల్ సమాచారం ధరతో కలిస్తే ఎలా పనిచేస్తుందో దీనికంటే స్పష్టంగా చెప్పిన స్టడీలు తక్కువ.

ఐతే ఇదే రంగంలో హెచ్చరిక కూడా ఉంది. పక్కింటితో పోల్చి చూపించే ఎనర్జీ రిపోర్టుల మీద అమెరికాలో 111 చోట్ల ఎక్స్‌పెరిమెంట్లు జరిగాయి, మొదటి 10 చోట్ల వచ్చిన ఫలితాలతో అంచనా వేస్తే మిగతా 101 చోట్ల నిజంగా వచ్చిన దానికన్నా బాగా ఎక్కువ వచ్చిందని 2015లో ఆల్‌కాట్ తేల్చాడు. ముందు ముందుకొచ్చే ఊళ్ళు, సంస్థలు అప్పటికే పర్యావరణం మీద శ్రద్ధ ఉన్నవి కావడం ఒక కారణం. ఇక విద్యార్థి విషయానికొస్తే, పార్ట్‌నర్ సంస్థ, ఎథిక్స్ అనుమతి, ఏడాది డేటా, ఇవన్నీ కుదరకపోతే దీని జోలికి వెళ్ళకండి.

సీజీఈ, సినారియో మోడల్స్

ముందుచూపు ప్రశ్నకి ఇవి తప్పవు, ఆర్థిక వ్యవస్థ అంతా ఒకదానితో ఒకటి ఎలా కదులుతుందో, ధరలు తగ్గి వాడకం ఎలా పెరుగుతుందో వీటిలోనే చూపించగలం. జీటాప్ (దేశాల ఉత్పత్తి, వాణిజ్యం డేటాబేస్) డేటా మీద కట్టేవి ఎక్కువ. నేర్చుకోవడానికే ఒక ఏడాది పడుతుంది. ఇందులో అసలు ప్రశ్న, ఫలితం మోడల్ నుంచి వచ్చిందా, మనం పెట్టిన ఎలాస్టిసిటీ నుంచి వచ్చిందా అన్నది. 2015లో ఐసీటీ ఇండస్ట్రీ సంస్థ ఒకటి, 2030కి ప్రపంచ ఎమిషన్స్‌లో 20 శాతాన్ని డిజిటల్ టెక్నాలజీ తగ్గించగలదు అని రిపోర్ట్ ఇచ్చింది. అది సాధ్యం కాగల మొత్తం, కొలిచి చూసిన మొత్తం కాదు. ఆ 20 శాతాన్ని ఇంట్రడక్షన్‌లో జరిగిపోయిన విషయంలా కోట్ చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, దయచేసి మీరు చెయ్యకండి.

మరి మీరేది తీసుకోవాలి

పీజీ డిసర్టేషన్, నాలుగైదు నెలల టైమ్: దేశాల ప్యానెల్ తీసుకోండి, కానీ ఎనర్జీ కంట్రోల్ లేకుండా ఒకటి, ఉంచి ఒకటి, రెండూ పక్కపక్కన చూపించండి. ఎడమవైపు దేశం లోపలి ఎమిషన్స్‌తో ఒకసారి, వాడకం ఆధారంగా లెక్కగట్టిన ఎమిషన్స్‌తో ఇంకోసారి రన్ చెయ్యండి. గ్లోబల్ కార్బన్ ప్రాజెక్ట్ రెండూ ఇస్తుంది. ఆ రెండిటికీ జవాబు వేరుగా వస్తే అదే మీ థీసిస్, ఇంకేం వెతుక్కోక్కర్లేదు. కారణం అనే మాట వాడకుండా రాయడం అలవాటు చేసుకోండి.

పీహెచ్‌డీ, మంచి జర్నల్ టార్గెట్: డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్, కాకపోతే పదిమంది ఇప్పటికే తవ్వేసిన పాలసీ కాకుండా, విడతలు ఎలా నిర్ణయించారో మీకు లోపలి నుంచి తెలిసిన పాలసీ వెతకండి. ఆ ఎంపిక రూల్ తెలియడం వంద రోబస్ట్‌నెస్ టెస్టులకన్నా విలువైనది. రెండో చాప్టర్‌గా ఇన్‌పుట్-ఔట్‌పుట్ పెట్టి, మొదటి చాప్టర్‌లో తగ్గిన ఎమిషన్స్ ఇంకో చోటికి జరిగాయా లేదా చూడండి.

కంపెనీ సస్టైనబిలిటీ టీమ్‌లో పనిచేసేవాళ్ళు: మీకు రీగ్రెషన్ అక్కర్లేదు. లైఫ్ సైకిల్ లెక్క చెయ్యండి, స్కోప్ 3ని వదలకుండా. క్లౌడ్‌కి మారిన ఏడాది దగ్గర అడ్డగీత గీసి, ముందు తర్వాత మూడు స్కోప్‌లూ కలిపి ఒకే టేబుల్‌లో చూపిస్తే ఏది నిజంగా తగ్గిందో, ఏది ఇంకో చోటికి జరిగిందో మేనేజ్‌మెంట్‌కి అర్థమవుతుంది.

పాలసీ వైపు ఉన్నవాళ్ళు, రిపోర్టులు చదివి నిర్ణయం తీసుకోవాల్సినవాళ్ళు: ఒక్క మెథడ్ మీద ఆధారపడకండి. ఎక్స్‌పెరిమెంట్ నుంచి మనుషులు ఎంత మారతారన్న నంబర్ తీసుకుని, దాన్ని సీజీఈలో పెట్టి మొత్తం ఎఫెక్ట్ చూడమని రీసెర్చర్లని అడగండి. వాళ్ళు తెచ్చిన రిజల్ట్‌కి రెండు ప్రశ్నలు వెయ్యండి: దిగుమతి చేసుకున్న పరికరాల కార్బన్ ఇందులో ఉందా, శాంపుల్ ఏ సంవత్సరంతో ఆగింది. రెండిటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ రిపోర్ట్‌లో చివరి పేజీ సిఫార్సుల్ని పక్కనపెట్టి, టేబుల్స్ వరకే వాడుకోండి.